కాదనే వీలు లేని సంతకం

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. మా తల్లిగారిది పరకాల దగ్గర పల్లె. పోయినేడు మా బాపు చనిపోయాడు. తాత నుంచి వచ్చిన ఐదెకరాల భూమి ఉంది. అన్న సేద్యం చేస్తాడు, తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం. విరాసత్ (చనిపోయినవాళ్ల భూమిని వారసుల పేరుకు మార్చడం) వాళ్లిద్దరి పేర్ల మీదే చేయించుకుంటాం, నాకేమీ వద్దని సంతకం పెట్టమంటున్నారు. "కట్నం ఇచ్చినం, ఒడిబియ్యం పోస్తున్నం, ఇంకేం గావాలె నీకు? పెట్టకపోతే ఇంక ఈ గడప తొక్కకు" అన్నాడు అన్న. "నా కండ్ల ముందట మీరు కొట్లాడుకోవద్దు బిడ్డా, పెట్టెయ్యి" అంటుంది అమ్మ. మా ఆయన "నీ ఇష్టం" అంటాడు గానీ, అక్కడ ఎకరం ఎంత నడుస్తుందని మాటిమాటికీ అడుగుతుంటాడు. సంతకం పెడితే మంచిదాన్ని అవుతాను, అందరూ సంతోషంగా ఉంటారు, కానీ నా మాటంటూ ఏమీ మిగలదు. పెట్టకపోతే స్వేచ్ఛగా ఉన్నట్టే, కానీ తల్లిగారిల్లు పోతుంది. నిజంగా అడుగుతున్నాను. మనిషి మంచిగా ఉండాలా, సంతోషంగా ఉండాలా, స్వేచ్ఛగా ఉండాలా? మూడూ ఒకచోట దొరకవా?

జవాబు:

చెల్లెమ్మా,

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి ఐదెకరాల భూమిది. ఇంకోటి రెండు వేల ఏళ్లు దాటినా తత్వవేత్తలు తెగ్గొట్టలేక వాదించుకుంటున్నది. మామూలుగా అయితే భూమి సంగతి వకీలును అడగమని, తత్వం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకునేదాన్ని. మీ విషయంలో మొదటిది తేలకుండా రెండోది తేలదు. అందుకే జవాబు కొంచెం పొడుగు.

ముందు చేయాల్సింది చెప్తాను. ఇప్పుడే సంతకం పెట్టకండి. అంటే భూమి తీసుకోమని కాదు. రేపు మీ వాటా మొత్తం అన్నదమ్ములకే ఇచ్చేసినా నేను తప్పు పట్టను. కానీ "పెట్టను" అనే వీలు ఉన్నప్పుడే "పెడతాను" అన్న మాటకు విలువ. ఇవాళ మీకు ఆ వీలు లేదు. పెట్టకపోతే గడప తొక్కొద్దని ముందే చెప్పేశారు. అట్లాంటి సంతకాన్ని త్యాగమని మీరు అనుకోవచ్చు, ఊళ్లో వాళ్లూ అనొచ్చు. జరిగిందేమిటంటే మీ చేత్తో వాళ్లు రాసుకున్నారు, అంతే.

చట్టం సంగతి గబగబా చెప్పేస్తాను. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంటుందని మన ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే, ఎన్టీఆర్ హయాంలో, చట్టం చేశారు. అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం అది వర్తించలేదు. కేంద్రం 2005లో పెళ్లి ప్రస్తావనే లేకుండా కూతుళ్లందరికీ ఇచ్చింది. ఈ హక్కు పుట్టుకతో వచ్చేది, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే మీ ఇంట్లో రిజిస్టరైన పంపకాలు జరిగి ఉంటే లెక్క వేరు. లేకపోతే మీరు అడుగుతున్నది ఎవరి దయా కాదు. ఎవరికెంత వస్తుందో వకీలు లెక్క తీయాలి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. హన్మకొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి అడగండి, సంకోచం అక్కర్లేదు.

ఏటా సెప్టెంబర్ 10న పాలకుర్తి ఐలమ్మ ఫొటోకు దండలు వేసి, భూమి కోసం ఒక ఆడమనిషి దొరను ఎదిరించిందని మైకుల్లో చెప్పుకుంటాం. సొంత చెల్లె తహసీల్దార్ ఆఫీసు మెట్లెక్కితే మాత్రం "ఆస్తి కోసం అన్న మీదికి పోయింది" అంటాం. ఈ రెండూ ఒకే నోటితో అంటాం.

ఇక మీ మూడు మాటలకు వద్దాం. సంతకం పెడితే "మంచిదాన్ని" అవుతాను అని రాశారు. అది ముందు ఒప్పుకోను. ఇచ్చేవాళ్ల గురించి అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ఒక సంగతి పట్టుకున్నాడు. లోపల బాధపడుతూ ఇచ్చేవాడు దాత కాడంటాడు. ఎందుకంటే ఆ మనిషికి తాను చేసే మంచిపని కంటే చేజారుతున్న సొమ్మే ఎక్కువ. ఎవరికివ్వాలో వాళ్లకు, ఎంతివ్వాలో అంత, ఇవ్వాల్సిన వేళకు, మనసొప్పి ఇవ్వడమే ఔదార్యం అని ఆయన లెక్క. మొదట చదివినప్పుడు నాకిది కఠినంగా అనిపించింది. చేతికి వచ్చింది ఇచ్చేశాక బాధపడితే ఏమవుతుంది, ఇచ్చాడు కదా? కానీ మన చుట్టూ ఉన్న ఇళ్లలో చూడండి. మనసు ఒప్పకుండా సంతకాలు పెట్టిన ఆడబిడ్డలు తర్వాత ఇరవై ఏళ్లు ఏం చేస్తారు? ప్రతి పెళ్లిలో, ప్రతి దినకర్మలో, వదిన పెట్టిన చీర ఖరీదు దగ్గర ఆ భూమి మాట బయటికి వస్తుంది. ఇచ్చింది ఇచ్చినట్టూ ఉండదు, ఉంచుకున్నది ఉంచుకున్నట్టూ ఉండదు. అరిస్టాటిల్ బాధను గుణానికి పరీక్షగా పెట్టింది అందుకే అనుకుంటాను.

అయితే మీ బాధ దేనికో మీరే తేల్చుకోవాలి. భూమి పోతుందనా, మిమ్మల్ని అడగకుండా తీసుకుంటున్నారనా? ఒంటరిగా కూర్చుని ఒకటి ఊహించుకోండి. అన్న వచ్చి, "ఇది నీ వాటా, ఉంచుకో, ఇయ్యి, నీ ఇష్టం, ఎట్లైనా బతుకమ్మకు నువ్వు రావాల్సిందే" అన్నాడనుకోండి. అప్పుడు ఇచ్చేసేదాన్ని అనిపిస్తే మీకు భూమి మీద ఆశ లేదు, గౌరవం కావాలి. అప్పుడు కూడా ఉంచుకునేదాన్ని అనిపిస్తే భూమి కావాలి. దాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ప్రైవేటు స్కూలు జీతం ఎంతో, ఎండాకాలం సెలవులకు ఎంత కోసేస్తారో నాకు తెలుసు. రేపటి రోజున సొంతంగా ఒక ఎకరం ఉండాలనుకోవడం దురాశ కాదు.

మీ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నవాడు జర్మనీ తత్వవేత్త కాంట్. 1785లోనూ 1788లోనూ వచ్చిన రెండు పుస్తకాల్లో ఆయన మంచితనానికీ సంతోషానికీ మధ్య ముడి విప్పేశాడు. మంచిగా ఉంటే సంతోషం వస్తుందని ఎక్కడా హామీ లేదు, నీతి మనల్ని సంతోషపెట్టేది కాదు, సంతోషానికి అర్హులను చేసేది మాత్రమే అన్నాడు. చదవడానికి చేదుగా ఉంటుంది, కానీ దీంట్లో మీకు ఊరట ఉంది. మీకు సంతోషం దక్కనంత మాత్రాన మీరు చేసింది తప్పు అయిపోదు. అందరూ సంతోషించినంత మాత్రాన చేసింది ఒప్పూ కాదు. మీ అమ్మ మాట, అన్న మాట అన్నీ ఈ రెంటినీ కలిపేసి మీ ముందు పెడుతున్నాయి.

నీతికీ స్వేచ్ఛకూ మధ్య ముడిని మాత్రం కాంట్ ఇంకా బిగించాడు. భయంతోనో, ఆశతోనో చేసిన పని పైకి ఎంత మంచిగా కనిపించినా దానికి నైతికంగా విలువ లేదంటాడు. ఇది నేను చేయాలి అని నా బుద్ధితో నేనే ఒప్పుకుని, నాకు నేనే విధించుకున్న నియమం ప్రకారం నడిస్తేనే అది నీతి, అదే స్వేచ్ఛ. మనసుకు ఏది తోస్తే అది చేయడం స్వేచ్ఛ అని ఆయన అనలేదు. దీన్ని మీ ఇంటికి తెచ్చి చూడండి. ఒడిబియ్యం ఆగిపోతుందన్న భయంతో పెట్టే సంతకం మంచితనం కింద రాదు. కాబట్టి "మంచితనమా, స్వేచ్ఛా" అని మీరు ఎంచుకోవాల్సిన పనే లేదు. రెండోది లేకుండా మొదటిది లేదు. కలిసి వస్తుందో రాదో తెలియనిది సంతోషం ఒక్కటే.

కాంట్ ఇంకో మాట కూడా అన్నాడు. తనను తాను పురుగులా చేసుకున్న మనిషి, తర్వాత ఎవరో తొక్కారని ఫిర్యాదు చేయలేడు. ఇతరులకు మనం ఎట్లా బాకీ ఉన్నామో, మన ఆత్మగౌరవానికీ అట్లాగే బాకీ ఉన్నామని దాని భావం. ఇది 1797లో వచ్చిన పుస్తకంలో ఉంది. అదే పుస్తకంలో ఆయన ఆడవాళ్లందరినీ నౌకర్లతో, పిల్లలతో కలిపి, ఓటుకు తగని పౌరుల పట్టీలో రాశాడు. తాను చెప్పిన నియమాన్ని తానే ఆడవాళ్ల దాకా తీసుకురాలేకపోయాడు. ఆయన ఆపిన చోట మనం ఆపాల్సిన పని లేదు.

"అందరి సంతోషం" లెక్క ఒకటి మిగిలింది. అన్న కుటుంబం, తమ్ముడి కుటుంబం, అమ్మ, ఇంతమంది సంతోషం ఒకవైపు, మీ ఒక్కరి మనసు ఒకవైపు. ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలిగించేదే ఒప్పు అని ఇంగ్లండ్ తత్వవేత్త బెంథామ్ సిద్ధాంతం. మన ఇళ్లలో ఆయన పేరు తెలియకుండానే దాన్ని రోజూ వాడతారు. కానీ ఆ సిద్ధాంతం చెప్పినవాళ్లే ప్రతి మనిషినీ ఒక్కరుగా లెక్కపెట్టాలి, ఎవరినీ ఒకరికంటే ఎక్కువ లెక్కపెట్టొద్దు అన్నారు. మీ ఇంట్లో మిమ్మల్ని ఒక్కరుగానైనా లెక్కపెట్టారా? మీకు ఎంత కావాలని ఎవరైనా అడిగినట్టు ఉత్తరంలో నాకెక్కడా కనపడలేదు.

పైగా సంతోషాన్ని నమ్మి తీర్పు చెప్పడంలో ఒక ప్రమాదం ఉంది. ఆర్థికవేత్త అమర్త్య సేన్ చాలాకాలంగా చెప్తున్నది ఇదే. ఏళ్ల తరబడి లేమిలో బతికినవాళ్లు బతకడానికని కోరికలనే చిన్నవి చేసుకుంటారు, దొరికిన కొద్దిపాటికే సంతోషించడం నేర్చుకుంటారు. వాళ్లను సంతోషంగా ఉన్నావా అని అడిగితే ఉన్నాననే చెప్తారు. అంతమాత్రాన వాళ్లకు అన్యాయం జరగలేదని కాదు. "మా అమ్మ అడిగిందా, మా మేనత్తలు అడిగారా, వాళ్లు సంతోషంగా లేరా" అని మీ అన్న అని ఉంటాడు, లేదా అంటాడు. మేనత్తలు అడగలేదు నిజమే. అడగొచ్చని వాళ్లకు ఎవరు చెప్పారు?

ఇంత చెప్పినా, తల్లిగారిల్లు పోతే ఏమవుతుంది అని తేలిగ్గా తీసేయలేను. పోరాడు, హక్కు సాధించు అని రాసే నాలాంటివాళ్లం ఎవరమూ సద్దుల బతుకమ్మ నాడు మీ పక్కన వచ్చి కూర్చోం. ఆ రోజు వాకిట్లో పూలు పేర్చుకునే వేళ ఫోన్ రాకపోతే కలిగే బాధ ఏ తీర్పుతోనూ, ఏ పాసుబుక్కుతోనూ తీరదు. అది నిజమైన నష్టం. మీరు మంచిగా ఉండి, స్వేచ్ఛగా ఉండి, సంతోషం మాత్రం కొన్నేళ్లు లేకుండా ఉండే అవకాశం ఉంది. మూడూ ఒకచోట దొరుకుతాయా అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే: తప్పకుండా దొరుకుతాయని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

మీకు ఇంకో సలహా కూడా వచ్చే ఉంటుంది. "స్వేచ్ఛ మనసులో ఉంటది, భూమిలో ఉండదు, పెట్టేసి ప్రశాంతంగా ఉండు" అని. ఈ మాటకు మూలపురుషుడిలాంటివాడు ఎపిక్టెటస్. రోమన్ సామ్రాజ్యంలో బానిసగా బతికి, తర్వాత విడుదలై తత్వం బోధించాడు. మన చేతిలో లేని వాటి కోసం ఏడవొద్దన్నాడు. సరే. కానీ మనసులో స్వేచ్ఛ గల మనిషికి ఆయన చూపిన ఉదాహరణ ఎవరో తెలుసా? హెల్విడియస్ అనే సెనేటర్. సెనేట్‌కు రావొద్దని చక్రవర్తి వెస్పాసియన్ కబురు పెడితే, "నన్ను సెనేటర్‌గా తీసేయడం నీ చేతిలో ఉంది, సెనేటర్‌గా ఉన్నంతకాలం రావడం నా పని" అన్నాడు. వచ్చినా నోరు మూసుకో అంటే, నన్ను అభిప్రాయం అడగకు, మూసుకుంటా అన్నాడు. చంపుతానంటే, అది నీ పని, వణకకుండా చావడం నా పని అన్నాడు. మనసులోని స్వేచ్ఛ అంటే అడిగిన చోటల్లా సంతకం పెట్టడమని ఎపిక్టెటస్ అనుకోలేదన్నమాట.

మీ ఆయన సంగతి. ఇది మీకు నచ్చకపోవచ్చు. "నీ ఇష్టం" అని ఊరుకుంటే నేనూ ఏమీ అనేదాన్ని కాదు. కానీ రేటు అడుగుతున్నాడు. అన్న మాట విని సంతకం పెట్టడం ఎట్లా మీ నిర్ణయం కాదో, ఆయన ముఖం చూసి సంతకం ఆపడం కూడా అట్లాగే మీ నిర్ణయం కాదు. ఒక ఇంటి ఒత్తిడి నుంచి ఇంకో ఇంటి ఒత్తిడిలోకి పోవడం అవుతుంది. ఆయనతో ఒకటి స్పష్టంగా మాట్లాడండి: వాటా వస్తే అది మీ పేరు మీదే ఉంటుంది, అమ్మాలా కౌలుకివ్వాలా అన్నది మీరే చెప్తారు. ఆ మాట విన్నాక కూడా "నీ ఇష్టం" అంటే, అప్పుడది నిజం.

అన్న వైపు కూడా ఆలోచించాలి. కట్నమే వాటా అన్న మాటను నేను ఒప్పుకోను. కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ 1961 నుంచీ నేరమే, పైగా అది మీ చేతికి రాలేదు, అత్తగారింటికి పోయింది. దాన్ని చట్టం మీ వాటాలో మినహాయించదు. అయితే మీ పెళ్లి కోసం బాపు భూమి అమ్మి ఉంటే, అప్పు చేసి అన్న తీర్చి ఉంటే, మీ మనసు లెక్కలో దాన్ని వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా. బాపు ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? పంట రుణం ఎవరి నెత్తిన ఉంది? ఇన్నేళ్లు బోరు ఎండినా, వాన రాకున్నా ఆ మడిలో నిలబడ్డది ఎవరు? హక్కు ఉందని అనడం వేరు, అన్న ఇన్నేళ్ల కష్టాన్ని చూడకపోవడం వేరు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు మాత్రం ఏ లెక్కన మీకంటే ఎక్కువో నాకు తెలియదు. సేద్యం ఆయనా చేయడం లేదు.

అన్నకు అసలు భయం ఏమిటో కూడా చూడండి. రైతు భరోసా సొమ్ము పాసుబుక్కు ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలో పడుతుంది. దున్నేది తానైతే డబ్బు చెల్లె ఖాతాలో పడుతుందని, రేపు చెల్లె కొడుకు వచ్చి అమ్ముకుంటాడని ఆయనకు టెన్షన్ ఉండొచ్చు. దానికి దారులున్నాయి. మీ వాటా మీ పేరున పెట్టుకుని అన్ననే కౌలుకు చేసుకోమనొచ్చు. కొంత ఉంచుకుని మిగతాది అన్నకు రాయొచ్చు. భూమి బదులు నిదానంగా డబ్బు తీసుకోవచ్చు. అంతా ఇచ్చేయడానికీ కోర్టుకెక్కడానికీ మధ్య చాలా చోటు ఉంది, మీ ఇంట్లో ఎవరూ అక్కడికి పోయి చూసినట్టు లేదు.

కాబట్టి అన్నతో వాదన పెట్టుకోకండి. ఇంతే చెప్పండి: "అన్నా, విరాసత్‌ల నా పేరు గూడ రానియ్. నేను ఇయ్యనంటలేను. నా పేరు మీదికి వచ్చినంక ఎంత ఇచ్చేది నేనే జెప్త." ఇట్లా చేస్తే తర్వాత దానపత్రం రాయాల్సి వస్తుంది, దానికి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులుంటాయి. "ఉత్తగ పోయేదానికి ఇంత ఖర్చెందుకు" అని ఆయన అంటాడు. ఆయన అడగడంలో న్యాయం ఉంది. ఆ ఖర్చు మీరు పెట్టుకుంటానని చెప్పండి, మీకు స్తోమత ఉంటే. నా మటుకు నాకు ఆ డబ్బు వృథా అనిపించదు.

ఈలోగా ఒకటి సరిచూసుకోండి. విరాసత్‌కు పెట్టే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో మీ పేరు ఉందా? కూతుళ్ల పేర్లు రాయకుండా సర్టిఫికెట్ తీసుకోవడం మనవైపు కొత్త కాదు. 2025లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. విరాసత్ చేసే ముందు తహసీల్దార్ వారసులకు నోటీసు ఇచ్చి విచారించాలి. మీరూ ఒక వారసురాలినని, మీకు చెప్పకుండా చేయొద్దని ఒక కాగితం రాసి ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి. ఇది అన్న మీద కేసు కాదు, అన్నకు చెప్పే చేయండి.

చివరగా అమ్మ. మీ ఉత్తరంలో అన్న వాటా ఉంది, తమ్ముడి వాటా ఉంది, మీ వాటా ఉంది. అమ్మ వాటా గురించి ఒక్క మాట లేదు. బాపు భాగంలో ఆమె కూడా మీ ముగ్గురితో పాటు వారసురాలే. ఆమె అన్న ఇంట్లోనే ఉంటున్నట్టయితే, "పెట్టెయ్యి బిడ్డా" అన్న మాట ఎంతవరకు ఆమె సొంతమో కూడా ఆలోచించాలి. కాదనే వీలు మీకే లేనప్పుడు ఆమెకు అసలే లేదు. ఒకరోజు ఆమెను హన్మకొండకు తీసుకొచ్చి, రెండు రోజులు ఉంచుకుని, ఆమెకేం కావాలో అడగండి. ఆమె పేరు మీద వాటా పడేలా చూడండి. తర్వాత ఆమె కొడుకులకు రాసిస్తానంటే, తనను చూసుకోవాలన్న షరతు ఆ పత్రంలోనే రాయించండి. ఆ షరతు తప్పితే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర పెట్టుకుని ఆ రాతను రద్దు చేయించుకోవచ్చు. షరతు రాయకుండా ఇస్తే అది కష్టమవుతుంది. మీ సంతకం గొడవ తేలేలోపు అమ్మ వేలిముద్ర ఎవరైనా తీసుకున్నారేమో, ముందు అది కనుక్కోండి.